కొద్దికాలంలో వలస వచ్చి స్థిరపడిన మగ్యార్ల భాష ఎలా నిలిచింది?

హనుమకొండ చరిత్ర ఉపన్యాసకురాలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలోని ఒక డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తున్నాను. మధ్యయుగ ఐరోపా పాఠంలో భాగంగా ఈ వారం మగ్యార్ల, అంటే ఇప్పటి హంగేరియన్ల పూర్వికుల, వలస గురించి చెప్పవలసి వచ్చింది. ఉరల్ పర్వతాల దిక్కు నుంచి బయలుదేరిన ఆ ప్రజలు నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న గడ్డిమైదానాల్లో కొంతకాలం ఉండి, 895 ప్రాంతంలో ఆర్పాడ్ నాయకత్వంలో కార్పేథియన్ పర్వతాలు దాటి, డాన్యూబ్, తీస నదుల మధ్య మైదానంలో స్థిరపడ్డారని, 955లో దక్షిణ జర్మనీలోని లెహ్‌ఫెల్డ్ యుద్ధంలో ఓడిన తరువాత పడమటి దేశాల మీద దాడులు మానుకున్నారని చెప్పాను. పాఠం ముగిశాక ఒక విద్యార్థిని లేచి అడిగిన ప్రశ్నకు నేను అప్పటికప్పుడు తృప్తిగా సమాధానం చెప్పలేకపోయాను.

ఆమె అడిగినది ఇది. మగ్యార్ల కంటే ముందు అవార్లు అనే మరో సంచార జాతి వారు అదే మైదానాన్ని 568 నుంచి రెండు వందల ఏళ్లకు పైగా ఏలారు. ఇప్పుడు వారి భాష మాట్లాడేవారు ఒక్కరూ లేరు. అస్పారుఖ్ వెంట వచ్చి 681 నాటికి డాన్యూబ్‌కు దక్షిణాన రాజ్యం కట్టిన బల్గార్లు తమ పేరును దేశానికి ఇచ్చారే గాని, తుర్కిక్ కుటుంబానికి చెందిన తమ మాటను నిలుపుకోలేక స్లావిక్ భాషలో కలిసిపోయారు. మరి గుర్రాల మీద వచ్చి, అప్పటికే జనం ఉన్న నేల మీద స్థిరపడి, చుట్టూ స్లావిక్, జర్మన్ భాషల వారు ఉండగా, మగ్యార్ల భాష మాత్రమే పదకొండు వందల ఏళ్లుగా ఎలా నిలిచింది? వచ్చినది సైన్యమా, కుటుంబాలతో సహా కదిలిన జనమా అన్నది కూడా దీనితో ముడిపడి ఉందని నాకు అనిపిస్తోంది. చదివినవారు వివరంగా రాస్తే వచ్చే వారం తరగతిలో ఆమెకు సరైన జవాబు చెప్పగలుగుతాను.

గోదావరిఖని విశ్రాంత ఉపాధ్యాయుడు

మేడం, మీ విద్యార్థిని అడిగిన ప్రశ్న చాలా మంచిది. ముందుగా రెండో భాగానికి, అంటే కదిలినది సైన్యమా జనమా అన్నదానికి, నాకు తెలిసినంత రాస్తాను.

మగ్యార్ల తొలి నివాసాల గురించి మనకు ఉన్న ముఖ్యమైన ఆధారం బైజాంటైన్ చక్రవర్తి ఏడో కాన్‌స్టాంటైన్ 950 ప్రాంతంలో తన కుమారుని కోసం రాయించిన పాలనా గ్రంథం. 948 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌కు వచ్చిన బుల్చూ అనే మగ్యార్ నాయకుడు, ఆర్పాడ్ వంశీయుడైన తెర్మచు, వీరి నోట విన్న సంగతులే ఆ గ్రంథంలోకి చేరి ఉంటాయని పండితులు భావిస్తారు. (ఆ బుల్చూనే 955లో లెహ్‌ఫెల్డ్ ఓటమి తరువాత జర్మన్లు రేగెన్స్‌బుర్గ్‌లో ఉరితీశారు.) ఆ గ్రంథం ప్రకారం వారు మొదట గడ్డిమైదానాల్లోని తుర్కిక్ ఖజార్ రాజ్యానికి పొరుగున లెవెదియా అనే చోట ఉన్నారు, పెచెనెగ్‌లు అనే తుర్కిక్ సంచార తెగల ఒత్తిడి వల్ల పడమటికి జరిగి ఎతెల్‌కొజ్ అనే నదుల నడుమ ప్రాంతానికి వచ్చారు, అక్కడ ఖజార్ ఆచారం ప్రకారం ఆర్పాడ్‌ను డాలు మీద నిలబెట్టి పైకెత్తి రాజుగా ప్రకటించారు. న్యేక్, మెద్యెర్, కుర్త్‌ద్యర్మత్, తర్యాన్, యెనో, కేర్, కెసి అనే ఏడు తెగల కూటమి వారిది. ఖజార్ల మీద తిరుగుబాటు చేసి ఓడిపోయిన కబార్లు వీరితో కలిశారు. ఇదే కాలాన్ని గురించి రాసిన పారశీక భౌగోళికుడు ఇబ్న్ రుస్తా, వీరి పెద్ద రాజు 20,000 మంది రౌతులతో బయలుదేరుతాడని, అసలు పాలన, యుద్ధం రెండో నాయకుడైన గ్యులా చేతిలో ఉంటాయని రాశాడు.

894లో బైజాంటైన్ చక్రవర్తి ఆరో లియో, తన మీదికి వచ్చిన బల్గార్ రాజు సిమియన్‌ను వెనుక నుంచి కొట్టడానికి మగ్యార్లను పిలిపించాడు. మొదట సిమియన్ దెబ్బతిన్నాడు. తరువాత అతడు పెచెనెగ్‌లతో చేతులు కలిపి, మగ్యార్ యోధులు దూరాన ఉన్న సమయం చూసి ఎతెల్‌కొజ్ మీద దాడి చేయించాడు. ఇంటి దగ్గర మిగిలిన కుటుంబాలను పెచెనెగ్‌లు పూర్తిగా నాశనం చేశారని కాన్‌స్టాంటైన్ రాశాడు. ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని, కనుమలు దాటి వచ్చినది భార్యాబిడ్డలను పోగొట్టుకున్న యోధుల గుంపేనని, స్థానిక స్త్రీలను పెళ్లాడి స్థిరపడ్డారని కొందరు రాశారు. నేను దీన్ని ఒప్పుకోను. తండ్రులు ఒక భాష, తల్లులందరూ మరొక భాష మాట్లాడే ఇళ్లలో ఒకటి రెండు తరాలకే తల్లుల భాష గెలుస్తుంది. మగ్యార్ భాష నిలిచిందంటే తల్లులు కూడా ఆ భాష మాట్లాడేవారై ఉండాలి. పైగా మగ్యార్లకు ఈ మైదానం కొత్తది కాదు. 862లోనే వారు తూర్పు ఫ్రాంకుల రాజ్యం (తరువాతి జర్మనీ) మీద దాడి చేసినట్లు ఫ్రాంకుల వార్షిక వృత్తాంతాల్లో ఉంది. 892లో తూర్పు ఫ్రాంకుల రాజు ఆర్నుల్ఫ్ పక్షాన స్లావ్‌ల రాజ్యమైన మొరావియా మీద యుద్ధం చేశారు. ముప్పై ఏళ్లపాటు దారులు, మేతబీళ్లు, రేవులు తెలుసుకున్నవారు మందలతో, బండ్లతో, ఇంటివారితో కదలడమే సహజం.

మంచిర్యాల పాఠకుడు

సార్ చెప్పిన దానికి జన్యు పరీక్షల వైపు నుంచి బలం ఉంది. హంగేరీలో పదో శతాబ్దపు సమాధులు, ముఖ్యంగా ఈశాన్యాన కరోష్ అనే ఊరి దగ్గర బయటపడిన శ్మశానాలలోని ఎముకల నుంచి డీఎన్‌ఏ తీసి పరీక్షించారు. తల్లి నుంచి మాత్రమే బిడ్డకు చేరే మైటోకాండ్రియా డీఎన్‌ఏలో కూడా ఆసియా వైపు మూలాలు గణనీయంగా కనిపించాయి. అంటే కనుమలు దాటి వచ్చినవారిలో తూర్పు నుంచి వచ్చిన స్త్రీలు, లేదా అటువంటి స్త్రీల సంతానం, తప్పక ఉన్నారు. అయితే ఇప్పటి హంగేరీ ప్రజల రక్తం మొత్తం మీద పొరుగున ఉన్న స్లొవాక్‌లు, ఆస్ట్రియన్ల రక్తానికే దగ్గర. తూర్పు వాటా చాలా స్వల్పం. కాబట్టి వచ్చినవారి కంటే అక్కడున్న జనమే ఎక్కువ అన్నది కూడా నిజమే. భాష ఎలా నిలిచిందన్న మేడం గారి ప్రశ్న దీనితో ఇంకా గట్టిపడుతుందే గాని తేలికపడదు.

ఉట్నూరు భాషా పరిశోధకురాలు

నేను కొన్నేళ్లుగా గోండి, కొలామీ మాట్లాడేవారి మధ్య పని చేస్తున్నాను. ఆ అనుభవంతో భాష వైపు నుంచి రాస్తాను.

తెలుగుకు దగ్గరి చుట్టాలు ఎవరని అడిగితే చాలామంది తమిళం, కన్నడం అంటారు. భాషాశాస్త్రం మాత్రం మన అడవుల్లోని గోండి, కోయ, కువి వంటి భాషలను తెలుగుతో ఒకే శాఖలో చేర్చింది. రెండు, మూడు, నాలుగు అన్న చోట గోండులు రండ్, మూండ్, నాలుంగ్ అంటారు. హంగేరియన్ పరిస్థితి దీనికి దగ్గరగా ఉంటుంది. రాజ్యం, ముద్రణ, విశ్వవిద్యాలయాలు ఉన్న ఆ భాషకు దగ్గరి చుట్టాలు పశ్చిమ సైబీరియాలో ఓబ్ నది పరిసరాల్లో వేట, చేపలు, దుప్పుల పెంపకం మీద బతికే ఖంతి, మాన్సి ప్రజల భాషలు. మూడును హంగేరియన్లు హారోమ్ అంటే మాన్సిలు హూరుమ్ అంటారు. దూరపు చుట్టమైన ఫిన్నిష్‌తో కూడా పోలికలు నియమబద్ధంగా ఉన్నాయి: నీరు హంగేరియన్‌లో వీజ్, ఫిన్నిష్‌లో వెసి, చెయ్యి కేజ్, కెసి, నెత్తురు వేర్, వెరి, చేప హల్, కల. 1770లో యానోష్ శైనోవిచ్ అనే హంగేరియన్ జెస్యూట్, ఖగోళ పరిశీలన కోసం నార్వే ఉత్తర కొసకు వెళ్లి వచ్చిన తరువాత, సామీ భాషకూ తన భాషకూ ఉన్న బంధుత్వాన్ని పుస్తకంగా ప్రకటించాడు. మద్రాసులో ఎల్లిస్ అనే ఆంగ్లేయ అధికారి మన ద్రావిడ భాషల బంధుత్వాన్ని నిరూపిస్తూ రాసిన 1816 నాటికి అది నలభై ఆరేళ్ల ముందటి మాట. చేపల నూనె కంపు కొట్టే బంధువులు మాకేమిటని చాలామంది హంగేరియన్ ప్రభువులు అప్పట్లో దీన్ని అంగీకరించలేదు. మన దగ్గర కూడా గోండి మన భాషకు తోబుట్టువు అని చెప్పినప్పుడు ముఖం చిట్లించేవారిని నేను చూశాను. అందుకే ఈ సంగతి నా మనసుకు బాగా దగ్గరయింది.

ఇక వలస దారి. అరువు తెచ్చుకున్న మాటలను పొరలు పొరలుగా విప్పితే ఆ ప్రజలు ఎవరి పక్కన ఎప్పుడు నివసించారో తెలుస్తుంది. అన్నిటికంటే పాత పొరలో ఇండో ఇరానియన్ మాటలు ఉన్నాయి. నూరును సాజ్ అంటారు, ఫిన్నిష్‌లో సత. ఇది మన సంస్కృత శతానికి చుట్టం. తరువాతి ఇరానియన్ పొరలో వేయికి ఎజెర్, అంగడికి వాషార్ అన్న మాటలు చేరాయి. వరంగల్ చౌరస్తాలో పాతవారు హజార్, బజార్ అంటున్నప్పుడు వినిపించేవి ఆ మాటలే. అవి పారసీకం నుంచి ఉర్దూ ద్వారా మనకు దక్షిణానికి వచ్చాయి, గడ్డిమైదానాల ఇరానియన్ తెగల ద్వారా మగ్యార్లకు పడమటికి వెళ్లాయి.

ఆ తరువాతది తుర్కిక్ పొర. ఇదే మన ప్రశ్నకు అసలు కీలకం అని నా అభిప్రాయం. గోధుమకు బూజ, బార్లీకి ఆర్ప, నాగలికి ఎకె, దూడకు బొర్యూ, పందికి దిస్నో, ద్రాక్షసారాకు బోర్ అన్నవి తుర్కిక్ తెగల నుంచి నేర్చుకున్న మాటలు, వాటిలో ఎక్కువ భాగం కార్పేథియన్లు దాటకముందే చేరినవి. అంటే మగ్యార్లు మైదానంలో అడుగుపెట్టే నాటికే దున్నడం, విత్తడం, పంది పెంచడం తెలిసినవారు. పంది మందలతో పాటు నెలల తరబడి నడవదు. పంది ఉన్న చోట శీతకాలపు ఊరు ఉన్నట్టే. గుర్రం దిగడమే తెలియని తెగలు అన్న బొమ్మ ఆ కాలపు పడమటి సన్యాసుల భయంలోంచి పుట్టింది. సాగు తెలిసినవారు కనుక, స్థానిక రైతుల మీద కప్పం వేసి దూరాన గుడారాల్లో ఉండిపోకుండా, వారి ఊళ్ల పక్కనే ఊళ్లు కట్టుకున్నారు. తెగల పేర్లు మోసే ఊళ్లు, బుదకెసి, బుదయెనో, బేకాష్‌మెద్యెర్ వంటివి, దేశమంతటా చెదిరి ఉన్నాయి. ఒక తెగ ఊళ్లన్నీ ఒకే చోట లేవు. ప్రతి తాలూకాలోనూ కొద్దికొద్దిగా ఆ భాష వినిపించింది.

వరంగల్ కోట పాఠకుడు

చిన్న సందేహం. హంగేరీ అన్న పేరులోనే హూణులు ఉన్నారు కదా, మగ్యార్లు అత్తిలా సంతతి కారా?

గోదావరిఖని విశ్రాంత ఉపాధ్యాయుడు

కారు బాబూ. అత్తిలా 453లో మరణించాడు. ఆర్పాడ్ వచ్చినది దాదాపు 440 ఏళ్ల తరువాత. హంగేరీ అన్న పేరు తుర్కిక్ భాషలో పది బాణాలు అని అర్థమిచ్చే ఒనోగుర్ అన్న మాట నుంచి వచ్చింది. పది తెగల కూటమికి అది పేరు. ఆరంభంలో హకారం తరువాత చేరింది, హూణుల జ్ఞాపకం దానికి కొంత కారణం. అద్భుతమైన దుప్పిని తరుముతూ వెళ్లిన హూనోర్, మొగోర్ అనే అన్నదమ్ముల నుంచి రెండు జాతులు పుట్టాయన్న కథను 13వ శతాబ్ది చివర కేజా సైమన్ తన చరిత్రలో రాశాడు. రాజవంశానికి ఘనమైన పూర్వికుడిని చూపే ప్రయత్నం అది. వారు తమను తాము పిలుచుకునే మగ్యార్ అన్న మాటలో మొదటి భాగం మాన్సి అన్న పేరుతో కలుస్తుంది, అది ఎక్కువ నమ్మదగిన ఆధారం.

కరీంనగర్ చరిత్ర పరిశోధకుడు

పైవారి సమాధానాలతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ బల్గార్లతో పోలిక ఇంకా తేలలేదు. బల్గార్లు కూడా కుటుంబాలతోనే వచ్చారు, వారికీ సాగు తెలుసు, రాజ్యం కూడా వారి చేతిలోనే ఉంది. మరి తేడా ఎక్కడ? నా దృష్టిలో ప్రార్థన ఏ భాషలో జరిగిందన్న దగ్గర.

864 ప్రాంతంలో బల్గార్ రాజు బోరిస్ బాప్తిస్మం తీసుకున్నాడు. స్లావ్‌ల కోసం లిపి, ప్రార్థనా గ్రంథాలు సిద్ధం చేసిన సిరిల్, మెథోడియస్ సోదరులలో మెథోడియస్ 885లో మొరావియాలో మరణించాడు. వెంటనే జర్మన్ గురువులు అతని శిష్యులను అక్కడి నుంచి వెళ్లగొట్టారు. క్లెమెంట్, నౌమ్ మొదలైనవారు 886లో బల్గేరియా చేరారు. 893 నుంచి అక్కడ చర్చికీ రాజ్యానికీ స్లావిక్ భాషే అధికార భాష అయింది. రైతు ఇంట్లో మాట్లాడే మాటే గుడిలో, రాజశాసనంలో కూడా వినిపించినప్పుడు, అంతకుముందే పలచబడుతున్న పాలకుల మాట నిలవడానికి చోటు లేకపోయింది.

మగ్యార్లు వచ్చిన మైదానంలో సరిగ్గా దీనికి విరుద్ధంగా జరిగింది. మెథోడియస్ శిష్యులు వెళ్లిపోయిన పదేళ్లకు వారు అక్కడికి చేరారు. మరో పదేళ్లకు మొరావియా రాజ్యమే కూలిపోయింది. 1000వ సంవత్సరం క్రిస్మస్ నాడో, దాని తరువాతి వారంలోనో హంగేరీ తొలి రాజు స్టీఫెన్‌కు కిరీటధారణ జరిగినప్పుడు ఆయన ఎంచుకున్నది రోమ్ చర్చిని, దానితో లాటిన్‌ను. లాటిన్ అక్కడ ఏ ఊరివారికీ ఇంటి భాష కాదు. గుడిలో లాటిన్, రాజు కచేరీలో లాటిన్, పొలంలో, అంగడిలో మగ్యార్. ఈ ఏర్పాటు 1844 దాకా సాగింది. ఆ ఏడాదే హంగేరియన్ అధికార భాష అయింది. నిజాం కాలంలో కచేరీ పని అంతా పారసీకంలో, తరువాత ఉర్దూలో నడిచినా మన ఊళ్లలో తెలుగు చెక్కుచెదరలేదు. పై భాష ఊరి భాషకు చుట్టం కానప్పుడు, అది పైనే ఉండిపోతుంది. కింది భాషను మింగదు.

మన జిల్లాకు సంబంధించి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు వేయించిన శాసనం పదో శతాబ్ది మధ్య నాటిది, అందులో సంస్కృతం, కన్నడంతో పాటు తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. కాన్‌స్టాంటైన్ మగ్యార్ తెగల పేర్లు రాయిస్తున్న నాటికి కరీంనగర్ గుట్ట మీద తెలుగు పద్యం రాతికెక్కింది. హంగేరియన్‌కు అటువంటి రాత దొరికేది ఇంకో నూరేళ్లకు, అదీ లాటిన్ పత్రం నడుమ కొన్ని మాటలుగా.

ఉట్నూరు భాషా పరిశోధకురాలు

సార్ చెప్పిన చర్చి వాదం బలమైనదే, కానీ దానికి కాలం సరిపోదు. అవార్ల భాష చర్చి వల్ల పోలేదు. మగ్యార్ భాష మొదటి నూరేళ్లు చర్చి లేకుండానే నిలిచింది. పైగా స్టీఫెన్ కంటే ముందే స్లావ్‌ల నుంచి క్రైస్తవ మాటలు వచ్చాయి: శిలువకు కెరెస్త్, గురువుకు పాప్. బుధవారం సెర్ద, శుక్రవారం పేంతెక్, రాజు కిరాయ్, బల్ల అస్తల్, ఇవన్నీ స్లావిక్ మాటలే. పక్కింటి స్లావ్ రైతులు తమ మాటలను వెంటబెట్టుకుని మగ్యార్ భాషలోకి మారారన్నమాట.

వారు ఎందుకు మారారన్నదానికి నా సమాధానం ఇది. 791 నుంచి 796 వరకు జరిగిన యుద్ధాల్లో ఫ్రాంకుల రాజు షార్లెమైన్ సేనలు అవార్ రాజ్యాన్ని కూల్చాక ఆ మైదానంలో ఒక్క పెద్ద అధికారం గాని, అందరికీ ఉమ్మడి భాష గాని మిగలలేదు. అవార్ల శేషం, రకరకాల స్లావ్‌లు, ఫ్రాంకుల సరిహద్దు ఊళ్లు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఇటువంటి చోట ప్రతి మూలా వినిపించే భాష ఒక్కటే ఉంటే, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి అందరూ దానినే పట్టుకుంటారు. మన ఆదిలాబాద్ సంతల్లో గోండు, కొలాం, ప్రధాన్ మధ్య గోండి ఆ పని చేయడం చూశాను. కొలాంలు ఎక్కువమంది గోండి కూడా మాట్లాడతారు. మగ్యార్లకు కూడా రెండు భాషల జీవితం కొత్త కాదు. కబార్లు తమ ఖజార్ మాటను మగ్యార్లకు నేర్పారని, మగ్యార్లు దాన్ని వాడుతూనే తమ మాటనూ నిలుపుకున్నారని కాన్‌స్టాంటైన్ స్వయంగా రాశాడు.

సార్ అన్న ఆ కొన్ని మాటలు 1055లో బలతోన్ సరస్సు ఒడ్డున తిహాన్య్ మఠానికి ఇచ్చిన దానపత్రంలోవి. పొలిమేరలు చెప్పేటప్పుడు లాటిన్ రాసిన లేఖకుడు ఊరివారు చెప్పినట్టే దించాడు: ఫెహేరువారు రేఆ మెనేహ్ హోదు ఉతు రేఆ. ఫెహేర్వార్‌కు వెళ్లే దండుబాట మీదికి అని అర్థం. ఇందులో రేఆ అన్నది అప్పటికి విడిమాట. ఇప్పుడు అది కుంచించుకుపోయి ర, రె అన్న విభక్తి ప్రత్యయంగా నామానికి అతుక్కుంది. ఇంటి లోపల అన్నది మన నోట ఇంట్లో అయినట్టే. మన శాసనాల్లో కూడా పొలిమేరలు చెప్పే చోటనే సంస్కృతం ఆగి తెలుగు మొదలవుతుంది. ఆ గట్టు, ఆ చెట్టు, ఆ బాట ఊరివారి భాషలోనే ఉంటాయి కదా.

హనుమకొండ చరిత్ర ఉపన్యాసకురాలు

అందరికీ కృతజ్ఞతలు. తల్లుల డీఎన్‌ఏ, నాగలి మాట, ఉమ్మడి భాష లేని మైదానం, లాటిన్ చర్చి, ఈ నాలుగూ కలిపి తరగతిలో చెబుతాను. ఇంకొక్క ప్రశ్న. తెగలన్నీ పడమటికి రాలేదు కదా, వెనుక మిగిలిపోయినవారి సంగతి ఏమైంది? వారి భాష నిలిచిందా?

గోదావరిఖని విశ్రాంత ఉపాధ్యాయుడు

మేడం, దీనికి సాక్ష్యం ఉంది. తమ పూర్వికులలో కొందరు తూర్పున మిగిలిపోయారన్న మాట హంగేరీలో తరతరాలుగా వినిపించేది. 1235లో, అంటే మన రామప్ప గుడి శాసనం వేసిన 22 ఏళ్లకు, నలుగురు డొమినికన్ సన్యాసులు వారిని వెదకడానికి బయలుదేరారు. దారిలో ఆకలి, దారిద్ర్యం వల్ల ఇద్దరు వెనుదిరిగారు, ఒకరు మరణించారు. జూలియన్ ఒక్కడే వోల్గా బల్గార్ల దేశం చేరి, అక్కడ ఒక పట్టణంలో మగ్యార్ భాష మాట్లాడే స్త్రీని కలిశాడు. ఆమె చూపిన దారిన వెళ్లి పెద్ద నది ఒడ్డున ఆ జనాన్ని కనుగొన్నాడు. విడిపోయి మూడు వందల ఏళ్లు దాటినా ఒకరి మాట మరొకరికి అర్థమైంది. ఇల్లిల్లూ తిప్పి, క్రైస్తవులైన తమ సోదరుల రాజ్యం గురించి చెప్పించుకుని విన్నారట. వారు గుర్రపు మాంసం తింటూ, ఆడగుర్రం పాలు తాగుతూ పాత ఆచారాలతోనే ఉన్నారు.

తూర్పు నుంచి మంగోలులు వస్తున్నారన్న వార్తను ఆయన అక్కడే విని 1236 చివరికి ఇంటికి తెచ్చాడు. 1237లో మళ్లీ బయలుదేరేసరికి ఆ తూర్పు మగ్యార్ల దేశం మంగోలుల కింద నాశనమైంది. 1241 ఏప్రిల్‌లో మోహి దగ్గర మంగోలులు హంగేరీ సైన్యాన్ని కూడా చిత్తు చేసి, దేశాన్ని ఏడాది పాటు తగలబెట్టారు. పడమటివారి ఊళ్లు మళ్లీ లేచాయి. వోల్గా ఒడ్డున మిగిలినవారు మెల్లగా తుర్కిక్ భాషల చుట్టుపక్కలవారిలో కలిసిపోయారు. జూలియన్ విన్న ఆ మాట అక్కడ ఇప్పుడు వినిపించదు.